తలుపున్న కత్తి

మా దాదీకి మతి తప్పిందని పోయిన వారం తండా అంతా నమ్మేసింది. ఆ రోజు నుంచి నాకు ఒక్కచోట కూర్చోబుద్ధి కాలేదు. అన్నం ముందు కూర్చుంటే నీళ్ళకు లేచేదాన్ని. నీళ్ళకు లేచి గడప దగ్గర నిలబడిపోయేదాన్ని.

మా ఇంట్లో ఒక కత్తి ఉంది. మా ముత్తాతల తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని పటాలాల వెంట తిరిగిన కాలంలో అది మా ఇంటికి వచ్చిందంటారు. తండాలో ఏ పెళ్ళి జరిగినా పెళ్ళికొడుకు దాన్ని పట్టుకునే బయటికి వస్తాడు. అతని చేతికి దాన్ని మా ఇంటి పెద్ద ఆడమనిషి అందించాలి. ఒక్కో పెళ్ళికి ఒక్కో కొత్త ఎర్రగుడ్డ, పాత గుడ్డ మీదే చుడతారు. విప్పడం మాత్రం ఎప్పుడూ లేదు. అలా చుట్టగా చుట్టగా అది చంటిపిల్లాడంత లావైంది. లోపలి ఇనుము ఎలా ఉంటుందో కళ్ళతో చూసినవాళ్ళలో బతికి ఉన్నది మా దాదీ హేమ్లి ఒక్కతే.

వచ్చే ఆదివారం మా కోటేష్ అన్న పెళ్ళి. దూలం మీది నుంచి కత్తిని దింపి దాదీ ఒళ్ళో పెట్టారు. ఆమె రెండు చేతులతో తూచినట్టు పట్టుకుని, "ఇది నాది కాదు. నేనియ్యను" అని కింద పెట్టేసింది. దాదీకి రెండు కళ్ళలోనూ మోతిబిందు, చూపు ఆనదు. బాపు బతిమాలాడు, అరిచాడు. ఈ మాట పెళ్ళికూతురు కవిత వదిన వాళ్ళ తండా దాకా పోయింది. పిల్ల నచ్చక ముసలిదానితో ఆట ఆడిస్తున్నారని వాళ్ళు కోపం తెచ్చుకున్నారు. రేపు వాళ్ళ పెద్దమనుషులు వస్తారు. దాదీ కత్తి ఇస్తానంటే పెళ్ళి ఉంటుంది, లేకపోతే లేదు.

అందుకే బాపు డేవిడ్ సార్‌ను పిలిపించాడు.

డేవిడ్ సార్ పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీ ఉద్యోగి. పాత పటాలాల కత్తులు పోగుచేయడం ఆయనకు పిచ్చి. ఊరూరా తిరిగి కొంటాడు, తోమి నూనె రాసి గోడకు పెట్టుకుంటాడు. పోయిన ఏడు మా తండాకూ వచ్చి, కత్తిని ఒక్కసారి చూపించమని అడిగాడు. బాపు ఆయన్ను కంచె దగ్గర నుంచే తరిమేశాడు. ఇప్పుడు అదే బాపు, సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు ఎక్కి ఫోన్ చేశాడు.

"ఇది పాతదే అని ఆ సారు నోటితోని అనిపిస్త. ఇగ యాడి ఏమంటదో చూస్త" అన్నాడు బాపు. మా మాటలో యాడి అంటే అమ్మ.

"ఆ సారెందుకు బాపు?" అన్నాడు కోటేష్ అన్న. "బయటోళ్ళకు చూపిస్తే మంచిది కాదు. దాదీకి నేనే నచ్చచెప్త."

"నువ్వు చెప్పినవు, ఆమె విన్నది. పో."

ఆ పొద్దున తునికాకు కట్టలు కట్టడానికి కూడా ఎవరూ పోలేదు. గాలి ఆడటం లేదు. చెట్ల మీదుగా కనిపించే పాల్వంచ పొగ గొట్టాల పొగ కూడా నిలబడిపోయినట్టే ఉంది. స్కూటర్ చప్పుడు దూరం నుంచి వినిపించగానే అన్న లేచి, ఎండకు ముఖానికి రుమాలు చుట్టుకుని, "మైకు సెట్టోనితోని మాట్లాడొస్త" అంటూ బండి తీసుకుని వాగు దారిన పోయాడు. వెళ్తూ వెళ్తూ నా జడ గుంజాడు. ఎప్పుడూ గుంజేదే. నేను పట్టించుకోలేదు.

డేవిడ్ సార్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. "ఇయ్యాల నాకు ఆఫ్. సాయంత్రం దాకా కూర్చుంట, తొందర లేదు" అంటూ మంచం మీద కూర్చుని, సంచిలో నుంచి తెల్ల చేతి తొడుగులు, కుట్టు మిషన్ నూనె సీసా, పాత బనీను ముక్క తీసి పక్కన పెట్టుకున్నాడు.

మా లాల్‌సింగ్ కాకా, బాపు తమ్ముడు, మణుగూరు బొగ్గు గనిలో నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి గుంజకు ఆనుకుని ఉన్నాడు. తొడుగులు చూసి, "ఏంది సార్, దానికి ఆపరేషన్ చేస్తరా?" అన్నాడు.

"చెమట చేతితోని ముట్టుకుంటే ఇనుము మీద తుప్పు పడతది లాల్‌సింగ్. వేలిముద్ర వేసినట్టే ఉండిపోతది."

"అయితే మా అన్నతోని ముట్టియ్యకుండ్రి. ఆయన చెయ్యి పడితే చెట్లకే తుప్పు పడతది."

బాపు నవ్వలేదు. కొడవలితో దారం తెంపాడు. దాదీ గోడవైపు తిరిగి కూర్చుంది. ఆమె చెయ్యి మాత్రం వెనక్కి చాచి నా మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"సారుకు మన మాట రాదు. కోపమొస్తే ఈమెకు తెలుగు రాదు" అన్నాడు బాపు నాతో. "ఆమె ఏమన్నా నేను చెప్త."

దాదీ మా భాషలో ఒక్కటే మాట అంది. బడిలో సార్ నా పేరు పిలిస్తే 'అవ్' అనడానికి కూడా లేచి నిలబడలేని దాన్ని నేను.

"ఏమంటున్నదమ్మా?" అన్నాడు డేవిడ్ సార్ నా వైపు చూసి.

"తన మాట... నన్నే చెప్పమంటున్నది సార్. మా బాపు చెప్తే... మధ్యల నీళ్ళు కలుపుతడట."

కాకా పక్కకు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. బాపు నా వైపు చూసిన చూపులో 'ఎక్కువ చెప్పకు' అని ఉంది.

గుడ్డలు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. పైది పోయిన ఎండాకాలం కాకా బామ్మర్ది పెళ్ళిది, ఇంకా ఎర్రగానే ఉంది. చాలా పొరల కింద బాపు పెళ్ళిది, పసుపు మరకలతో. ఆ తర్వాతవి ఎవరివో నాకు తెలియదు. రంగు పోయి, పొగ వాసనతో పొరలు పొరలుగా వస్తున్నాయి. కాకా తలమీది తుండు తీసి చేతిలో పట్టుకున్నాడు. మా ఇంట్లో పుట్టిన ఎవరూ చూడనిది చూస్తున్నామని అప్పుడు గుర్తొచ్చి, నాకు అక్కడ నిలబడాలని అనిపించలేదు. కానీ నా చెయ్యి దాదీ వదల్లేదు.

ఆఖరి గుడ్డ చేతికి రాగానే దాదీ గోడవైపు నుంచే అడిగింది. "గవ్వలున్నయా?"

నేను గుడ్డను తిప్పి తిప్పి చూశాను. "లేవు దాదీ."

"అన్నిటికంటే లోపల ఉండేది నా పెళ్ళి గుడ్డ. దాని అంచుకు మా యాడి గవ్వలు కుట్టింది."

నేను తెలుగులో చెప్పాను. బాపు చెయ్యి విసిరాడు. "ఎలుకలు కొట్టి ఉంటయి. గుడ్డపేలికల ముచ్చట ఎందుకిప్పుడు? సార్, కత్తి చూడుండ్రి."

కత్తి బయటపడింది. నెలవంకలా ఒంపు తిరిగి ఉంది. పిడి చివర చిన్న పళ్ళెంలాంటి ఇనుప బిళ్ళ. డేవిడ్ సార్ తొడుగులు వేసుకుని, దాన్ని పసిపాపను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద తీసుకున్నాడు. బనీను ముక్కకు నూనె అద్ది, ఒక్కచోట మెల్లగా తుడిచి, ఎండకు పట్టి చూశాడు. వేలితో అంచు మీద తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మేమంతా ముందుకు వంగాం.

"పాతదే" అన్నాడు చివరికి. "నూరేళ్ళ పైమాటే. గుర్రం సవార్లు పట్టుకునేది. గుర్రం మీద పోతా పోతా నరకాలి కాబట్టి ఈ ఒంపు."

బాపు ముఖం వెలిగిపోయింది. లేచి దాదీ ముందుకు పోయి నిలబడ్డాడు. "విన్నవా యాడీ? చదువుకున్నాయన చెప్పిండు. పాతదేనట. ఇంకేమంటవు?"

దాదీ ఇప్పుడు ఇటు తిరిగింది. తెల్లబడిన కళ్ళు బాపు గొంతు ఉన్న దిక్కుకు నిలిపి, తాపీగా నాలుగు మాటలు అంది. నేను నేల చూపులు చూశాను.

"చెప్పమ్మా" అన్నాడు సార్.

"పాతది కాదని నేనెప్పుడన్న, అంటున్నది. నేను గూడ పాతదాన్నే... అంతమాత్రాన కనబడ్డ ప్రతి ముసలిది వీని యాడి అయితదా, అని."

కాకా ఈసారి దగ్గే ప్రయత్నం చేయలేదు. పగలబడి నవ్వాడు. డేవిడ్ సార్ కూడా పెదవి కొరుక్కున్నాడు. నవ్వనిది బాపు, నేను.

"నా కిరిచ్ ఏది? అది అడుగు" అంది దాదీ.

"మా కత్తి ఏది అని అడుగుతున్నది సార్."

సార్ నూనె సీసా మూత పెడుతున్నవాడు ఆగాడు. "కత్తి అనలేదు. వేరే ఏదో అన్నది. మళ్ళీ అనమను."

"కిరిచ్" అన్నాను నేను. "మా ఇంట్ల దాని పేరది. చిన్నప్పటి సంది గట్లనే అంటం."

"మీ తండాల అన్ని కత్తులనూ గట్లనే అంటరా?"

"లేదు సార్" అన్నాడు కాకా. "కటార్ ఉంటది, తల్వార్ ఉంటది. కిరిచ్ అంటే మా ఇంటిది ఒక్కటే. ఎద్దుకు పేరు పెట్టుకున్నట్టు, ముద్దు పేరు."

డేవిడ్ సార్ ఒంపు కత్తిని చూశాడు. దాదీని చూశాడు. మళ్ళీ కత్తిని చూశాడు.

"ముద్దు పేరు కాదు లాల్‌సింగ్. అది పటాలం మాట. కిరిచ్ అంటే నిటారు కత్తి. పొడిచేది. కాలిబంట్ల మీద ఉండే ఆఫీసర్లు నడుముకు కట్టుకునేది. ఇసొంటి ఒంపు కత్తిని పట్టుకుని ఎవరూ కిరిచ్ అనరు."

మేం పుట్టినప్పటి నుంచి ఆ మాట పలుకుతూనే ఉన్నాం. గుడ్డల లోపల ఏముందో ఆ మాటే చెబుతూ ఉంది. మాకు వినబడలేదు.

"పాత మనుషులు ఏదో అంటరు" అన్నాడు బాపు. కానీ ఆ గొంతులో ఇందాకటి ధాటి లేదు.

డేవిడ్ సార్ మంచం మీది నుంచి దిగి దాదీ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "అమ్మా, మీ కిరిచ్ ఎట్లుంటదో చెప్పగలరా? మీరు చెప్పుండ్రి, ఈ పాప చెప్తది."

దాదీ నా చెయ్యి వదిలింది. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కుడి పిడికిలి చుట్టూ ఎడమ అరచేతిని బుట్టలా వంచింది. ఆమె చెబుతూ పోయింది, నేను వెనకాలే తెలుగు చేస్తూ పోయాను. మొదట తడబడ్డాను. తర్వాత నా గొంతు నాకు వినిపించడం ఆగిపోయింది.

"వెదురు బద్ద లెక్క నిటారుగా ఉంటది. పిడి చుట్టు ఇత్తడి పంజరం. చెయ్యి పెడితే చిలుకను పంజరంల పెట్టినట్టే. ఆ పంజరానికి లోపలి పక్క చిన్న తలుపు ఉంటది. తెరిస్తే తెరుచుకుంటది, మూస్తే మూసుకుంటది. నా పెళ్ళినాడు దాని మీద గుడ్డ లేకుండె. నా మొగుని చెయ్యి ఒణికి, ఆ తలుపు టకటక కొట్టుకుంది. అంతమందిల ఎవరికీ వినబడలే. ముసుగుల ఉన్న నాకు వినబడ్డది. పులి లెక్క వచ్చిండని అందరన్నరు. పులికి పండ్లు కొట్టుకుంటున్నయని నేను నవ్వుకున్న. ఆ రాత్రే మా అత్త నా పెళ్ళి గుడ్డ చుట్టింది, తలుపు చప్పుడు కాకుండ. అయినా ఒళ్ళో పెట్టుకుని ఊపితే గుడ్డల లోపల ఇంత కదిలేది. ఇప్పుడు దించినదాంట్ల ఆ కదలిక లేదు. నాకు కండ్లు లేవు గని ఒళ్ళు ఉన్నది."

నేను ఆగేసరికి డేవిడ్ సార్ ముఖం మారిపోయి ఉంది. చేతి తొడుగులు తీయబోయాడు, వేలు ఇరుక్కుంటే గుంజి పారేశాడు. లేచి నిలబడ్డాడు.

"ఆ తలుపు... లోపలి పక్కనా?"

"లోపలి పక్కనేనట."

"కోటుకు ఒరుసుకోకుండ మడిచిపెట్టేది" అన్నాడు తనలో తనే అనుకుంటున్నట్టు. వెంటనే బాపుతో, "నేను పోవాలె రూప్లా. షిఫ్ట్ ఉన్నది" అన్నాడు.

ఇయ్యాల ఆఫ్ అని ఆయనే చెప్పాడు. ఆ సంగతి బాపుకు గుర్తు రాలేదు. బాపు అప్పటికే కాకా వైపు తిరిగాడు.

"పోయిన ఎండాకాలం నీ బామ్మర్ది పెండ్లికి పట్కపోయింది నువ్వే కదరా?"

కాకా నవ్వు ముఖం అలాగే ఉండిపోయింది, నవ్వు మాత్రం పోయింది. "పట్కపోయిన. పట్కొచ్చిన. గుడ్డ విప్పలే."

"నీకు తాగుడుకు చాలక..."

"అన్నా! ఆ మాట అనకు."

"అంటే ఏం చేస్తవ్? రేపు పెద్దమనుషుల ముందట నీ పేరే చెప్త. నా కొడుకు పెండ్లి ఆగితే నీవల్లనే ఆగింది."

"యాడీ, నువ్వు చెప్పు. నేను తీసిన్నా?" కాకా గొంతు పిల్లాడి గొంతులా పలికింది. దాదీ చేతులు ఇంకా ఆ లేని పిడిని పట్టుకునే ఉన్నాయి. కాకా తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. "నీ కొడుకు పెండ్లిల నా అడుగు ఉండదు. నేను చచ్చినా నువ్వు రాకు" అన్నాడు బాపుతో.

చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే వాగు దాటించి దవాఖానాకు భుజాన మోసుకుపోయింది కాకానే. కింద పడి ఉన్న తెల్ల తొడుగులు కనిపించాయి. వాటిని పట్టుకుని పరుగెత్తాను.

డేవిడ్ సార్ కంచె బయట స్కూటర్‌ను ఒక పక్కకు వంచి, లేపి, కిక్కు కొడుతున్నాడు. అది స్టార్ట్ కావడం లేదు. నేను తొడుగులు చాచాను. ఆయన తీసుకోలేదు. నన్ను చూసి కిక్కు మీది నుంచి కాలు తీసేశాడు.

బయటివాళ్ళతో అంతవరకు నేను ముందుగా మాట్లాడింది లేదు. "సార్, మీరు దాన్ని చూసిండ్రు" అన్నాను.

ఆయన హ్యాండిల్ మీద తల ఆనించాడు. "మా ముందుగదిల గోడకు ఉన్నదమ్మా. డ్యూటీ నుంచి రాగానే ఆ తలుపు ఒక్కసారి తెరిచి మూస్త. అదొక అలవాటైంది. గవ్వల గుడ్డ గూడ ఉన్నది. పిడికి అంటుకుని ఉంటే నేనే తడిపి తీసిన. ప్రభువు సాక్షి, ఇంకొకరి ఇంటిదని తెలిస్తే ముట్టకపోదును."

"ఎవరు తెచ్చిండ్రు?"

"పేరు చెప్పలే. భద్రాచలం అవతలి తండా అన్నడు. ముఖానికి రుమాలు, ఎండకు అందరూ కట్టుకునేదే. నేను అడిగిన, పెండ్లిళ్ళల్ల వాడుకునేది ఎందుకు అమ్ముతున్నవని. చేత్తోని ఇచ్చే మనిషి పోయింది సార్, ఇగ ఇంట్ల ఉండి ఏం లాభం, అన్నడు. ఏడ్చిండు గూడ. నేను నమ్మిన."

ఇంట్లో నుంచి బాపు అరుపు వినిపిస్తోంది. కాకా పేరు. మళ్ళీ కాకా పేరు.

"ఎవరు పోయిండ్రన్నడు?" అని అడిగాను. "యాడి పోయింది అన్నడా?"

డేవిడ్ సార్ కళ్ళు చిట్లించి గుర్తు చేసుకున్నాడు. "కాదు. యాడి అనలే. దాదీ అన్నడు. మా దాదీ పోయింది సార్, అన్నడు."

ఎండ ఒక్కసారి తెల్లగా అయిపోయింది. బాపుకు ఆమె యాడి. కాకాకు యాడి. తండాలో మిగతా అందరికీ హేమ్లి. కాకాకు ఇంకా పిల్లల్లేరు. ఆమెను దాదీ అని పిలిచేవాళ్ళం ఈ లోకంలో ఇద్దరమే. అందులో ఒకదాన్ని నేను.

వాగు మలుపులో బండి చప్పుడు వినిపించింది. చెట్ల నీడలో నుంచి వచ్చి, కంచె పక్కన స్కూటర్‌ను చూసి, దూరంలోనే ఆగిపోయింది. ఇంజన్ ఆపేశాడు. బండి దిగలేదు, ముందుకు రాలేదు. ముఖానికి రుమాలు కట్టుకుని, అలాగే మా వైపు చూస్తూ ఉన్నాడు.

డేవిడ్ సార్ చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరమ్మా, ఆ పిలగాడు?"

పొద్దుటి నుంచి దాదీ మాటలో ఒక్క చుక్క నీళ్ళు కలపకుండా చెప్పిన నోరు ఇది.

"నాకు తెల్వదు సార్" అంది.